గోడవార కుర్చీ

"ఈ కుర్చీ ఎక్కడిదిరా?"

గదిలోకి అడుగు పెడుతూనే లారీ డ్రైవరు బావ అడిగాడు. టైల్స్ మేస్త్రి పళ్ళికిలించాడు. వారమంతా మోకాళ్ళ మీద పాకుతూ పరాయి వాళ్ళ ఇళ్ళకి గచ్చు పరిచే మనిషి. పని లేని ఆ మధ్యాహ్నం మెత్తటి కుర్చీలో కాలు మీద కాలేసుకుని, మహారాజులా వెనక్కి వాలి ఉన్నాడు.

"వీధి చివర గోడవార ఉంటే తెచ్చుకున్నా బావా. ఒక చెయ్యి కాస్త ఊగుతోంది. మేకు కొడితే సరి."

"ఎవర్ని అడిగి తెచ్చావు?"

"అడిగేదేముంది? ఇదివరకు నేను పనిచేసిన దేశంలో గోడవార పెట్టారంటే కావలసినవాడు పట్టుకుపొమ్మనే. మా గదిలో మంచం, బల్ల, అద్దం అన్నీ అలా వచ్చినవే."

"అది ఆ దేశంరా. ఇది ఈ దేశం."

బావ తలుపు గడియ పెట్టాడు. కిటికీ తెర లాగాడు. ఆ తర్వాత గాని నోరు విప్పలేదు.

"ఒక దేశంలో దొంగకి చెయ్యి నరుకుతారట. ఇంకో దేశంలో బెత్తం నీళ్ళల్లో నానబెట్టి మరీ కొడతారట. మరోచోట తిట్టి వదిలేస్తారనుకో, అదీ ఆ గడ్డ మీద పుట్టినవాడైతేనే. మనలాంటి వాడికి ఎక్కడైనా ఒక దెబ్బ ఎక్కువే."

"మరి ఇక్కడ ఏం చేస్తారు?"

"అదే తెలీదు. మా గ్యారేజీలో క్లీనరు ఒక సబ్బుబిళ్ళ జేబులో వేసుకున్నాడని పట్టుకుపోయారు. మళ్ళీ కనపడలేదు."

"చంపేశారా?"

"చంపారో, పంపారో. వాడి చెప్పులు మటుకు ఇంకా గుమ్మం దగ్గరే ఉన్నాయి."

మేస్త్రి తేలు కుట్టినట్టు లేచాడు. తన చేతుల వంక చూసుకున్నాడు. సిమెంటు తిని గరుకెక్కిన చేతులు. ఆ చేతులు చూసే ఈ దేశం రానిచ్చింది. ఆ చేతులు చూసే ఇంటి దగ్గర పొయ్యి వెలుగుతోంది.

"అమ్మో! చెయ్యి లేని మేస్త్రిని ఎవడు పిలుస్తాడు బావా?"

"నీ చేతి సంగతి తర్వాత. మీ అక్కకి నేనేం చెప్పుకోను? నీ తమ్ముడు కూచోడానికి కుర్చీ లేక జైల్లో కూచున్నాడని చెప్పనా?"

"పోనీ, విరగ్గొట్టి సంచిలో..."

"ఆ, సాక్ష్యం కూడా మాయం చెయ్యి. రెండో చెయ్యీ పోతుంది. ఎక్కడిది అక్కడ పెట్టెయ్. పెట్టేస్తే అది దొంగతనం కాదు."

"కాదని ఎవరన్నారు?"

"నేనన్నాను. నడు!"

తెచ్చుకునేటప్పుడు దూదిపింజలా వచ్చిన కుర్చీ, పోయేటప్పుడు బండరాయి అయింది. మేస్త్రి దాన్ని నెత్తికెత్తుకుని నడుస్తున్నాడు. బావ తనకేమీ సంబంధం లేనట్టు, దుకాణాల బోర్డులు చదువుకుంటూ వెనకాల వస్తున్నాడు. ఎదురుగా కారు కనబడితే చాలు, మేస్త్రి గబుక్కున కుర్చీ దించి అందులో కూచుంటున్నాడు. మండుటెండలో రోడ్డు పక్కన దర్జాగా కుర్చీ వేసుక్కూచుని వణుకుతున్న మనిషిని చూసి, అటుగా పోతున్న ఒక తల్లి తన పిల్లని అవతలి పక్కకి లాక్కుంది.

"కూచోకురా వెధవా, నడు!" వెనక నుంచి పళ్ళ బిగువున అన్నాడు బావ.

"కాళ్ళు రావట్లేదు బావా."

స్తంభానికొక కెమెరా. అన్నీ తన వైపే తల తిప్పుతున్నట్టుంది మేస్త్రికి. ఎలాగో వీధి చివరికి చేరాడు. పొద్దున్న ఎలా ఉందో అలాగే, గోడ వైపు వీపు పెట్టి కుర్చీని సర్దాడు. గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు.

పీల్చుకున్న గాలి వదలకముందే పక్కన ఆగి ఉన్న కారు తలుపు తెరుచుకుంది. పోలీసు దిగాడు.

వచ్చిన దారినే మెల్లగా తిరగబోయిన బావను వేలితో పిలిచాడు. కుర్చీ చూపించి ఏదో అడిగాడు. బావ మేస్త్రి వైపు తిరిగాడు.

"కుర్చీ ఎవరిదని అడుగుతున్నాడురా."

"ఏమనను బావా?"

"నీదే అను. కాదన్నావా, దొంగవన్నమాటే!"

"నాదే దొరా! నాదే!" మేస్త్రి రొమ్ము మీద దబదబా కొట్టుకున్నాడు. ఆ దరువు తెలుసుకోడానికి ఏ భాషా అక్కర్లేదు.

పోలీసు మళ్ళీ అడిగాడు.

"వేరేవాళ్ళది కాదు కదా అంటున్నాడు."

"కాదు దొరా, మా పిల్లల మీద ఒట్టు! నేను కొనుక్కున్నదే. ఆ చెయ్యి చూడండి, విరిగింది కూడా నా దగ్గరే. చెప్పు బావా, నువ్వు కూడా చెప్పు!"

బావ ఆ మాటలన్నీ వాళ్ళ భాషలో పూసగుచ్చినట్టు చెప్పాడు. కొంటున్నప్పుడు పక్కనే ఉన్నానని తన వంతుగా ఒక అబద్ధం కూడా కలిపాడు.

పోలీసు మొహంలో మొదటిసారి నవ్వు కనబడింది. తల ఊపాడు. మేస్త్రి భుజం తట్టాడు.

"నమ్మాడు బావా! బతికిపోయాం!" మేస్త్రి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

భుజం తట్టిన చెయ్యే నడుము దగ్గర్నుంచి బేడీలు తీసింది. ఒకటి మేస్త్రి మణికట్టుకి, రెండోది బావ మణికట్టుకి తగిలించి, పోలీసు తాపీగా రెండు ముక్కలు చెప్పాడు.

"ఏమంటున్నాడు బావా? నాదేనని చెప్పాం కదా!"

బావ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"గోడవార వదిలేసిన సామాను ఎవరు పట్టుకుపోయినా ఈ దేశంలో తప్పు లేదటరా... సొంత సామాను తెచ్చి రోడ్డు మీద పారేసిన పరాయివాడికే జైలటా!"