మడత తీర్పు

ఆ పెరట్లో ఎవరు అందంగా ఉన్నారో తేల్చే పెత్తనం సీతాకోకచిలుకది. ఆమె రెక్కలు మూస్తే ఒకదాని అంచు మీద ఇంకొకటి వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చునేది. అందుకే ఆమె పెట్టిన కట్టుబాటు ఒక్కటే. దేన్నయినా నడిమికి మడవాలి, రెండు సగాలూ కలవాలి, బయటికి మిగిలిందాన్ని గండుచీమలు కొరికెయ్యాలి.

ఒకనాడు నందివర్ధనం పువ్వు వంతు వచ్చింది. దాని అయిదు రేకులూ గాలిమరలా ఒకే పక్కకి వంగి ఉంటాయి. ఎటు మడిచినా ఏదో ఒక కొస బయటికొచ్చింది.

"నన్ను మడవకమ్మా, తిప్పి చూడు," అని బతిమాలింది పువ్వు. "ఒక్క రేకంత తిప్పితే చాలు, మళ్లీ అచ్చం ఇప్పుడున్నట్టే ఉంటాను."

"తిప్పి చూడ్డం మన పద్ధతి కాదు," అంది సీతాకోకచిలుక.

చీమలు కొసలన్నీ కొరికేశాయి. పొద్దువాలకముందే పువ్వు వాడి రాలిపోయింది. సీతాకోకచిలుక అటు చూడనైనా లేదు.

మూడో రోజు ఒక తొండ ఆమె కుడి రెక్కను సగం దాకా తెంపేసింది. ఎలాగో తప్పించుకుని, పడుతూ లేస్తూ ఎగిరొచ్చి పిట్టగోడ మీద వాలింది. వెంటనే చీమల బారు చుట్టూ చేరింది.

"రెక్కలు మూయండమ్మా," అన్నాడు చీమల మేస్త్రీ, ఎంతో మర్యాదగా.

మూస్తే ఎడమ రెక్క సగం బయటికి మిగిలింది.

"ఇలాగే ఎగరగలను నాయనా," అందామె. "ఎగరనిచ్చి చూడు."

"ఎగరనిచ్చి చూడ్డం మన పద్ధతి కాదు కదమ్మా."

కాసేపటికి రెండు రెక్కలూ సరిగ్గా కలిశాయి. అటు ఆరు చీమలు, ఇటు ఆరు చీమలు పట్టుకుని ఆమెను పుట్టలోకి ఈడ్చుకుపోయాయి.