నలుచదరపు మచ్చలు

"ఆడే నిలబడప్పా! గడప దాటొద్దు!"

తిమ్మక్క కేకకు, మోపెడ్ దిగి వచ్చిన పెద్దాయన ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆపాడు.

పుంగనూరు దగ్గరి పల్లె అది. పట్టుపురుగుల షెడ్డు గడపలోనే బ్లీచింగు నీళ్ల తొట్టి ఉంటుంది. కాళ్లు, చేతులు, ఆకు కోసే కత్తి, ఏదైనా సరే అందులో మునిగాకే లోపలికి. బయటివాళ్లు తెచ్చిన రోగం పంటంతా తుడిచేస్తుందని తిమ్మక్క భయం.

"కాళ్లు కడుక్కునే వస్తాలేమ్మా."

"కాళ్లు సరే. ఆ చెయ్యి సంగతేంది?"

మడిచిన చొక్కా చేతి కింద, ఎడమ ముంజేతి మీద ఆరు మచ్చలు. తెల్లగా, నున్నగా.

పెద్దాయన చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నాడు. "అంటుకునేది కాదమ్మా."

"అందరూ అట్లే అంటారు. ఏం కావాల?"

"మార్కెట్లో తీసుకోని పట్టుగూళ్లు. మరకలవి, తూట్లు పడినవి. ఉంటే ఇయ్యండి."

కోడలు వనిత నవ్వింది. "వాటిల్లో దారం రాదు తాతా. ఏం జేసుకుంటావు?"

"కరగబెడతాము తల్లీ. మరక పైనే. లోపల పట్టు పట్టే గదా."

"కరగబెట్టి తాగుతావా ఏంది?" అన్నాడు అరుగు మీది యల్లప్ప.

తిమ్మక్క మొగుడు. షుగరు మనిషి. కాలి బొటనవేలి కింద లేచిన పుండుకు మూడు నెలలుగా ఒకరోజు పసుపు, ఒకరోజు కాఫీపొడి అద్దుతున్నాడు.

పెద్దాయన గూళ్ల మాట మరిచి, అరుగు కింద గొంతుక్కూర్చున్నాడు.

"గుడ్డ తియ్యప్పా, సూస్తాను."

"నువ్వేమన్నా డాక్టరువా?"

"కాదు. చానా పుండ్లు సూసినోణ్ని. ఇంకా పైపైనే ఉండాది. ఇప్పుడైతే మానుతాది. నెల పోతే నా చేతిలో లేదు, ఇంగెవరి చేతిలోనూ లేదు."

జేబులోంచి పాత ఇంకు పెన్ను తీసి చీటీ రాశాడు. "ఈడికి పోండి. చెంగయ్య పంపినాడని చెప్పండి."

తిమ్మక్క రెండు వేళ్ల కొసలతో చీటీ అందుకుంది. లోపలికి పోతూ, అలవాటు చొప్పున తొట్టిలో ముంచింది.

"అత్తా! కాయితాన్ని యాల ముంచినావు?"

"ఆ చేత్తో పట్టుకునింది గదే!"

పైకి తీసేసరికి కాగితం తెల్లగా ఉంది. ఒక్క అక్షరం లేదు.

వనిత వీధిలోకి పరుగెత్తింది. మోపెడ్ అప్పటికే మలుపు దాటిపోయింది.

"పోనీలే, గూళ్లకు మళ్లా వస్తాడు" అంది తిమ్మక్క.

"అత్తా, ఆ మచ్చలు సూసినావా? స్కేలు పెట్టి గీసినట్టు నలుచదరంగా ఉండాయి. రోగం అట్లొస్తాదా?"

"రోగానికి కొలతేందే! పొయ్యి పురుగులకు ఆకెయ్యి."

పురుగులు గూళ్లు కట్టాయి. మరకల గూళ్లన్నీ వనిత ఒక సంచిలో దాచింది. ఆయన రాలేదు.

నెల దాటాక యల్లప్ప వేలు నల్లబడింది. మదనపల్లెలో చూసి కుప్పం పెద్దాసుపత్రికి పంపారు. అక్కడ రెండు వేళ్లు తీసేశారు.

మూడోరోజు పక్క మంచం మనిషి కాలి పుండు మీద డాక్టరు భార్గవి పలచటి తెల్లని పొర ఒకటి పరుస్తోంది. తిమ్మక్క కళ్లార్పకుండా చూసింది.

"మేడమ్, అది పట్టుగూటి లోపలి పొర మాదిరి ఉండాది."

"బాగా పట్టావమ్మా. పట్టునే కరిగించి, వెంట్రుకలో వందో వంతు సన్నంగా పోగులు తీసి, ఇట్లా పొర చేస్తారు. కొత్త చర్మం ఆ పోగుల్ని పట్టుకుని పాకుతుంది."

"పందిరి మీద చిక్కుడు తీగ మాదిరా?" అంది వనిత.

"అచ్చం అట్లే."

"మా ఆయనకు ఎయ్యరా?" అంది తిమ్మక్క.

"ఎముక దాకా పోయిందమ్మా. నెల ముందు వచ్చుంటే ఇదే వేసేదాన్ని. వేళ్లు నిలిచేవేమో."

అత్తాకోడళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"దీనికి గూళ్లు... మోపెడ్ మీద వచ్చే పెద్దాయన..." అంది తిమ్మక్క.

"చెంగయ్య. మా ల్యాబులో అటెండరు. మీకెట్లా తెలుసు?"

"యాడుండాడు మేడమ్?"

"పోయిన నెలే రిటైరైనాడు. కూతురి దగ్గరికని ఊరే విడిచిపోయినాడు."

తిమ్మక్క తలొంచుకుంది. వనితే ఉండబట్టలేక అడిగింది.

"ఆయన చేతిమీద ఆ మచ్చలేంది మేడమ్?"

భార్గవి చేతిలో కత్తెర ఆగింది.

"ఈ పొరను తొలిసారి మనిషికి వేసి చూడాల్సి వచ్చినప్పుడు ఒక్కరూ ముందుకు రాలేదు. 'నా మీద సూడండి మేడమ్' అని, ఏ రోగమూ లేని చేతి మీద ఆరు చోట్ల చర్మం చదరంగా తీయించుకున్నాడమ్మా."