డెబ్బై శాతం

“ఇంకా పెంచాలండి,” అన్నాడు కిరీటి మైకులోకి.

విదేశీ బొమ్మల మీద దిగుమతి సుంకం అప్పటికే అరవై శాతం. ఆ రోజు బడ్జెట్లో డెబ్బై చేశారు. కొయ్యబొమ్మలు చేసేవాళ్లు ఏమంటారో కనుక్కోవడానికి టీవీ విలేకరి కొండపల్లి వచ్చాడు.

“డెబ్బై చాలదంటారా?”

“వంద చేసినా నాకేం అభ్యంతరం లేదండి.”

సాయంత్రం వీధంతా లడ్లు పంచాడు. భార్య శ్రీదుర్గ మాత్రం ముట్టుకోలేదు. ముట్టుకోదని కిరీటికి తెలుసు. విజయవాడ వన్ టౌన్‌లో చైనా బొమ్మల టోకు కొట్టు ఆమె అన్న జయకృష్ణది.

జయకృష్ణ పేరు వింటే చాలు, కిరీటికి కడుపు మండేది. ఇద్దరూ కిరీటి తండ్రి దగ్గరే ఉలి పట్టడం నేర్చుకున్నారు. జయకృష్ణ ఏనుగు చెక్కితే తొండం వంకర పోయేది. చేతకాక ఉలి పక్కన పడేసి, ప్లాస్టిక్ అమ్ముకోవడానికి పోయాడు. ఇప్పుడు రెండంతస్తుల కొట్టు, ఏసీ, తెల్ల కారు. తొండం వంకరగా చెక్కినవాడికి కారు.

ఒకసారి జయకృష్ణే అడిగాడు. “నా కొట్లో నీ బొమ్మలకి ఒక అర ఖాళీ చేస్తా. ఏమంటావు బావా?”

“ప్లాస్టిక్ కోతుల పక్కన నా దశావతారాలు నిలబడవు బావా. నీ దయ నీ దగ్గరే ఉంచుకో.”

తనకి ఒకరి దయ దేనికి? స్టీఫెన్ ఉన్నాడు. తొమ్మిదేళ్లుగా నెలనెలా ట్రాలీ ఆటో వేసుకొచ్చి, చేసిన బొమ్మలన్నీ హైదరాబాదు పార్టీకని పట్టుకెళ్లే బ్రోకరు. బొమ్మలు చేసేవాళ్లు ఒక్కొక్కరే ఉలి వదిలేసి థర్మల్ స్టేషన్లో కూలికి చేరుతుంటే, కిరీటి మాత్రం తండ్రి పనిలోనే నిలబడ్డాడు.

“మీ అన్న సరుకు పిల్లల చేతిలో ఒక పూట ఉండదు,” అనేవాడు శ్రీదుర్గతో. “నాది హైదరాబాదు పెద్దిళ్లలో అద్దాల వెనక ఉంటుంది.”

“ఉంటుందిలే. ముందు అన్నం తిను,” అనేది ఆమె.

సుంకం పని చేసింది. జయకృష్ణ ముందు కారు అమ్మాడు. ఆ కబురు తెలిసిన పూట కిరీటి రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు. తర్వాత కొట్టు పై అంతస్తు ఖాళీ అయింది.

ఇక కొయ్యబొమ్మల రోజులొచ్చాయనుకున్నాడు కిరీటి. రాలేదు. చైనా ప్లాస్టిక్ పోయిన చోటికి ఢిల్లీ ప్లాస్టిక్ వచ్చి కూర్చుంది. ఊళ్లో బేరాలు పడిపోయాయి. చివరికి స్టీఫెన్ కూడా ఫోన్ చేశాడు.

“పార్టీ ఇక తీసుకోలేమన్నారండీ. వాళ్ల ఇబ్బందులు వాళ్లకున్నాయి.”

రెండు నెలలకి ఇల్లంతా బొమ్మలు పేరుకుపోయాయి. ఇంటి ముందు తనే కొట్టు పెట్టుకోవాలి. అదీ సాగకపోతే దసరా తర్వాత తనూ థర్మల్ స్టేషన్ గేటు ముందు నిలబడాల్సిందే. అప్పుడే తెలిసింది, జయకృష్ణ కొట్టు మూసేసి సామాను అమ్మేస్తున్నాడని. అందులో ఒక అద్దాల బీరువా ఉంది.

పొద్దున్నే బస్సెక్కాడు.

జయకృష్ణ స్టూలెక్కి అరల మేకులు పీకుతున్నాడు. బావని చూసి దిగాడు.

“రా బావా. టీ చెప్పనా?”

“టీకి రాలేదు. బీరువా అమ్ముతున్నావట.”

“నీకు అమ్మడమేంటి? పట్టుకెళ్లు.”

“ఊరికే వద్దు. రేటు చెప్పు.”

కిరీటి కొట్టంతా కలియజూశాడు. బోసి గోడలు, ఆగిపోయిన ఏసీ, బావ చొక్కా నిండా దుమ్ము. ఎన్నాళ్లుగానో కోరుకున్నది కళ్ల ముందుంది. అయినా కడుపు నిండలేదు. వెనక గోడౌనుకి దగ్గరగా వేసిన తలుపొకటి కనిపించింది.

“ఆ గోడౌన్లో ఏముంది?”

జయకృష్ణ గబుక్కున అడ్డం వచ్చాడు. “అటు వద్దు బావా. అమ్ముడుపోని సరుకు.”

“అయ్యో. చాలానే మిగిలిందా?”

“కాస్త ఎక్కువే.”

“అది చూడకపోతే ఎలా బావా? ఇంత దూరం వచ్చి.”

జయకృష్ణ చెయ్యి పట్టుకోబోయాడు. కిరీటి విదిలించుకుని, నవ్వుతూ భుజంతో తలుపు తోశాడు.

నేల నుంచి కప్పు దాకా, తను చుట్టిన పాత పేపర్లు కూడా విప్పకుండా, తొమ్మిదేళ్లుగా స్టీఫెన్ పట్టుకెళ్లిన తన బొమ్మలే పేర్చి ఉన్నాయి.