ఆరో రౌండు

“ఎందుకాపావు? ముందది చెప్పు!”

మెట్టు మీద నిలబడి అరుస్తున్నాడు లఫాయేలే. ఒక కాలికే చెప్పుంది. రెండోది దారిలో ఎక్కడ పారేసుకున్నాడో!

కొబ్బరిపాలతో వండిన పలుసామి కూర వడ్డిస్తున్న ఫేతూ చెయ్యి ఆగిపోయింది. చర్చి నుంచి వచ్చి ఇంకా తెల్లబట్టలైనా మార్చుకోలేదు, అప్పుడే తయారు! సవాయీ దీవి నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చి నాలుగు నెలలైంది. ఒక్క ఆదివారమైనా ముద్ద ప్రశాంతంగా గొంతు దిగింది లేదు.

“రా నాయనా, కూర్చో,” అన్నాడు మామగారు యాకోపో, పక్కన చోటు చూపించి.

“కూర్చోను! ఆరో రౌండులో నేను నిలబడే ఉన్నాను. అవునా, కాదా?”

“అవును. నిలబడే ఉన్నావు.”

“మరి మధ్యలో దూరి చేతులెందుకూపావు? ఇంకొక్క రౌండు వదిలేసుంటే గెలిచేవాణ్ణట! మా అమ్మే చెప్పింది.”

“గెలిచేవాడివే. తొందరపడ్డాను. తప్పు నాదే, క్షమించు.”

ఫేతూకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఊరి సభలో యాకోపో గొంతు సవరించుకుంటే చాలు, అందరూ నోళ్ళు మూస్తారు. ఒకప్పుడు రాజధాని అపియాలో బాక్సింగ్ పోటీ అంటే రిఫరీగా ఆయనే ఉండాలనేవారట. అలాంటి మనిషి ప్రతి ఆదివారం ఈ తాగుబోతు ముందు తల వంచుతాడు. తాగుబోతు కాకపోతే మరేమిటి? మాట ముద్దముద్దగా వస్తుంది. కోకో కప్పు చేతికిస్తే సగం ఒళ్ళోనే ఒలకబోసుకుంటాడు. ఎందుకు పడుతున్నారు ఇదంతా అని మొగుణ్ణి అడిగితే, ‘నాన్ననే అడుగు’ అని తప్పించుకుంటాడు.

లఫాయేలే కాసేపు అరిచి అలిసిపోయి, ఆఖరికి కూర్చున్నాడు. ఫేతూ కప్పు అందిస్తే ఎగాదిగా చూశాడు.

“నువ్వెవరమ్మా?”

“ఈ ఇంటి కోడల్ని. పోయిన వారమూ చెప్పాను, అంతకుముందు వారమూ చెప్పాను. ఆదివారమైనా మానలేవా ఆ తాగుడు?”

“ఫేతూ!” అంది అత్త తలోసాంగా.

“ఉండండత్తయ్యా. వండి పెట్టేదాన్ని, ఆ మాత్రం అడక్కూడదా? ఏమయ్యా, మామయ్య ఆపారు కాబట్టే కదా, ఇవాళ నీ కాళ్ళ మీద నువ్వు నడిచొచ్చి ఆయన్నే తిడుతున్నావు! ఆపకపోతే ఏమయ్యేవాడివి? మతి చెడి ఏ మూలనో పడుండేవాడివి!”

యాకోపో ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

“లోపలికి పో,” అన్నాడు.

కోడలితో ఆయన ఎప్పుడూ అలా మాట్లాడలేదు. ఫేతూ కళ్ళనీళ్ళు కుక్కుకుంటూ వెనక వంటపాకలోకి పోయింది. అక్కడికీ వినిపిస్తూనే ఉంది.

“ఆ అమ్మాయికి కోపమెందుకొచ్చింది?”

“ఏం లేదులే. నువ్వు తిను.”

“నేను గెలిచేవాణ్ణి కదూ?”

“గెలిచేవాడివి.”

తలోసాంగా కోడలి వెనకే వచ్చి పొయ్యి దగ్గర చతికిలబడింది.

“నిద్రలో కూడా మామయ్యకి అదే కదా అత్తయ్యా!” అంది ఫేతూ. “మధ్యాహ్నం కాస్త కునుకు పడితే చాలు, రెండు చేతులూ పైకెత్తి అడ్డంగా ఊపుతుంటారు. ఈగలు తోలుకుంటున్నారని మీరంటారు. ఈగలా అవి? ఆ పోటీ ఆపిందే కలలోకొస్తోంది. మంచి పని చేసినందుకు మనిషికి ఇంత శిక్షా?”

తలోసాంగా కట్టె ఎగదోసింది.

“ఆ రోజు రెండూళ్ళ జనం దిగారు. ‘ఆపొద్దు, ఆపొద్దు’ అని పైకప్పు లేచిపోయేలా ఒకటే కేకలు.”

“అన్ని కేకల్లో ఆపాలంటే ఎంత గుండె ఉండాలి!”

 అత్త చేత్తో ముక్కు తుడుచుకుంది.

“ఆ తర్వాత ఒకనాడు తెల్లారకముందే వెళ్ళి, లఫాయేలే వాళ్ళమ్మ ఇంటి ముందు ఆయన చాప కప్పుకుని కూర్చున్నారు. పక్కన నేనూ కూర్చున్నాను.”

ఫేతూ నోరు తెరిచింది.

“చాపా? మనిషి ప్రాణం తీసినవాళ్ళు కదత్తయ్యా క్షమాపణకి అలా కప్పుకునేది! పోటీ ఆపినందుకు చాప కప్పుకోవడమేమిటి, విడ్డూరం కాకపోతే?”

“ఎండ నెత్తికెక్కినా ఆవిడ బయటికి రాలేదు. ఇంక రాదేమో అనుకున్నాం. వచ్చింది. చాప తీసింది. ‘వాడొచ్చి ఏమన్నా సరే, కాదనకు. అంతే చాలు’ అంది. ఆయన సరేనన్నారు.”

“ఇదేం క్షమించడం! బతికినంతకాలం తిట్లు తినమనా?”

“నాకు చేతకాదు తల్లీ. మిగతాది ఆయన్నే అడుగు.”

బయట లఫాయేలే లేచాడు. తారో దుంపలు ఆకులో చుట్టి యాకోపో అతని చేతికిచ్చాడు. మోకాళ్ళ మీద కూర్చుని, తన చెప్పొకటి తీసి అతని వట్టికాలికి తొడిగాడు.

“మళ్ళీ వస్తా! అడుగుతా!” అన్నాడు లఫాయేలే, వేలు చూపించి.

“అడుగు నాయనా. ఎన్నిసార్లయినా అడుగు.”

ఆ మనిషి తూలుకుంటూ పనసచెట్ల మలుపు తిరిగేదాకా యాకోపో అక్కడే నిలబడ్డాడు. ఫేతూ వచ్చి ఆయన కాళ్ళ దగ్గర కూర్చుంది.

“నోరు జారాను మామయ్యా, తప్పయిపోయింది. కానీ తప్పు చెయ్యని మీరు అలా తల వంచుకుంటే నేను చూడలేను. ఒక్కసారి, ఒకే ఒక్కసారి అతనికి నిజం చెప్పెయ్యండి. ‘నీ ప్రాణం కోసమే ఆపానురా’ అని చెప్పండి.”

యాకోపో తన రెండు చేతులూ తిప్పి చూసుకున్నాడు.

“ఆ రోజు నేను ఆపలేదమ్మా.”