మూత మీద పొడి

జాడీలో దారం వేలాడుతోంది. దారానికి ఉండాల్సిన స్ఫటికం మాత్రం లేదు.

ఎందుకమ్మ జాడీని కిటికీ వెలుతురుకి ఎత్తి చూసింది. పాఠంలో ఏది చెప్పినా "ఎందుకు టీచర్?" అని అడ్డు తగులుతుందని తొమ్మిదో తరగతి ఆడపిల్లలంతా కలిసి ఆ పిల్లకి పెట్టిన పేరది. ఇవాళ అడగాల్సిన పనే లేకపోయింది. తను పెన్నుతో గీసుకున్న గీతకి పైన రెండు వేళ్ల ఎత్తున నీళ్లున్నాయి. నీళ్లు కలిస్తే నీలంగా పెరిగిన మైలుతుత్తం స్ఫటికం కరిగిపోతుంది. తడిగుడ్డ పెట్టేటప్పుడు చుక్క కూడా పడనీయొద్దని, ఆ బడిలోనే ఆయాగా చేసే అమ్మకి కూడా వందసార్లు చెప్పుకుంది.

"ఎవరో కావాలనే పోశారు," అంది సైన్సు టీచర్. "రేపే కదా హాస్టల్ వాళ్లు స్ఫటికాలు చూడ్డానికి వచ్చేది."

అందరికంటే పెద్ద స్ఫటికాన్ని పెంచిన ఒక్క పిల్లకే సైన్సు హాస్టల్లో సీటు. రెండేళ్లు అక్కడే ఉండి, రోజూ ప్రయోగాలు చేసుకుంటూ చదువుకోవచ్చు. నిన్నటిదాకా ఆ సీటు ఎందుకమ్మదేనని గోడలకి కూడా తెలుసు. ఇప్పుడు మిగిలినవాటిలో పెద్దది తోకది. ఎందుకమ్మ ఎక్కడుంటే అక్కడే ఉంటుంది కాబట్టి ఆ స్నేహితురాలు తోక అయింది. ఈ వారం జాడీలన్నీ ఉండే ల్యాబు బీరువా తాళంచెవి కూడా దాని చేతిలోనే ఉంది.

"నువ్వే కదూ?" అంది ఎందుకమ్మ.

"నేనెందుకు చేస్తానే?"

"సీటు కోసం. నమ్మించి గొంతు కోశావు."

"నువ్వు లేకుండా నేనక్కడికి పోయి ఏం చేసుకుంటానే?" తోక కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఒకే బల్ల, ఒకే డబ్బాలో అన్నం, ఒకే గొడుగు. ఎందుకమ్మ మొహం తిప్పేసుకుంది.

చీపురు పట్టుకుని అమ్మ పరుగున వచ్చింది. నడుమున బడి మొత్తం తాళాలగుత్తి గలగలమంది. "ఏ పాపిష్టిది చేసిందో గానీ దాని చేతులు పడిపోను," అని కూతురి తల నిమిరింది. "పోతే పోయిందిలేవే. నీకు నేను, నాకు నువ్వు లేమా?"

"పోలేదమ్మా," అంది ఎందుకమ్మ గది మొత్తానికి వినిపించేలా. "ఒకటి పాడైతే ఇంకోటి ఉండాలని టీచర్ చెప్పారుగా. నేను రెండు పెంచాను."

కిటికీ చాటునుంచి ఇంకో జాడీ తీసింది. అందులోది మొదటిదానికంటే కాస్త చిన్నది. తోకదానికంటే మాత్రం పెద్దది. అందరూ చూస్తుండగా దాన్ని తీసుకెళ్లి బీరువాలో పెట్టింది. తోక మొహంలో ఏదైనా మారుతుందేమోనని కళ్లార్పకుండా చూసింది. ఏమీ మారలేదు. ఎంత నటన అనుకుంది.

పిల్లలంతా బయటికి వెళ్లాక టీచర్ పక్కన చేరింది.

"టీచర్, ఫినాఫ్తలీన్ పొడి కాస్త ఇస్తారా?"

"ఎందుకు?" అంది టీచర్. ఆ మాట అటువైపునుంచి రావడం అదే మొదటిసారి.

"దొంగని పట్టడానికి."

టీచర్‌కి అర్థమై నవ్వొచ్చింది. పోయిన నెలలో ఆ పాఠం చెప్పింది ఆవిడే. తెల్లటి పొడి. మామూలు నీళ్లకి చలించదు. సబ్బు తగిలిందంటే గులాబీరంగుకి తిరుగుతుంది. ఎందుకమ్మ తన చేతికి అంటకుండా కుంచెతో ఆ పొడిని జాడీ మీద మూతగా కట్టిన తెల్లకాగితానికి పట్టించింది. తెలుపు మీద తెలుపు, కంటికి ఆనలేదు.

"రేపు బడి మొదలవగానే క్లాసందరిచేతా సబ్బుతో చేతులు కడిగిస్తాను," అంది టీచర్. "ఈ సంగతి ఎవరికీ చెప్పకు."

"మా అమ్మకి కూడా చెప్పను టీచర్."

తోక వచ్చి బీరువాకి తాళం వేసింది. గేటు దాకా వెనకాలే నడిచింది. ఎందుకమ్మ వెనక్కి చూడకుండా గేటు దాటేసింది.

చీకటి పడబోతుండగా అమ్మ ఇంటికొచ్చింది. ఇంట్లో ఉండేది వాళ్లిద్దరే. ఎందుకమ్మ గుమ్మంలో మోకాళ్ల మీద గడ్డం ఆనించుకుని కూర్చుని ఉంది.

"ల్యాబు ఊడ్చావా అమ్మా?"

"లేదే. నడుం పట్టేసింది. మీరంతా వెళ్లాక మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు. బయటినుంచే తలుపుకి తాళం పెట్టి వచ్చేశా."

"తోక ఏమైనా వెనక్కి వచ్చిందా?"

"వచ్చిందేమో. నేను చూళ్లేదు."

అంతే, అప్పటిదాకా బిగబట్టుకున్న ఏడుపంతా తన్నుకొచ్చింది. "అది నాకిలా చేస్తుందనుకోలేదమ్మా. వేరే ఎవరు చేసినా ఇంత బాధ ఉండేది కాదు."

"మన అనుకున్నవాళ్లే చేస్తారే తల్లీ. ఎవరి కడుపులో ఏముందో ఎవరు చూడొచ్చారు?" అమ్మ దగ్గరికి తీసుకోబోయి ఆగింది. "ఉండు, చేతులు దుమ్ముకొట్టుకుపోయి ఉన్నాయి. కడుక్కుని వస్తా. వేడివేడిగా అన్నం వండి పెడతాను, తిని పడుకుందువు గాని. నేనుండగా నీకేంటి?"

పెరట్లో కుళాయి తిప్పిన చప్పుడైంది. ఎందుకమ్మ కళ్లు తుడుచుకుంది. లోకమంతా ఒక ఎత్తు, అమ్మ ఒక్కతే ఒక ఎత్తు అనిపించి ప్రాణం కాస్త కుదుటపడింది.

"ఒసే, ఇదేం బట్టలసబ్బే," అమ్మ అక్కడినుంచే కేకేసింది, "నురగ నురగంతా గులాబీరంగు తిరిగిపోతోంది?"