బట్టీ పట్టిన సీతాకోకచిలుక

కల్యాణ్ కాలు ఒక్కచోట నిలవడం లేదు. కార్ఖానా ఏరియాలోని ఆ మానసిక వైద్యుడి క్లినిక్‌కి వచ్చిన పావుగంటలో నాలుగుసార్లు కుర్చీ మార్చాడు.

పోయిన నెలంతా మంచం దిగలేదు. ఇప్పుడేమో వారంగా కంటిమీద కునుకు లేదు. ఫిట్ అని కాగితం తెస్తేనే మళ్ళీ ప్రాజెక్టు అంది సాఫ్ట్‌వేర్ కంపెనీ.

కాగితమే కదా! సిరా మరకలు చూపించి ఏం కనిపిస్తోందని అడుగుతారట. ఇంటర్వ్యూ ప్రశ్నలకే నెట్‌లో జవాబులు దొరుకుతుంటే వీటికి దొరకవా? ప్రింటు తీసి మరీ బట్టీ పట్టాడు మహానుభావుడు.

"మొదటిది సీతాకోకచిలుక... రెండోది చేతులు కలిపిన ఇద్దరు మనుషులు..."

పక్క కుర్చీలోని పెద్దావిడ అతని చేతిలోని కాగితంకేసి చూసింది.

"గా కాగితం లోపల పెట్టు బిడ్డా. సీతాకోకచిలుక అనకు. నీకేం కనిపిస్తే గదే చెప్పు."

"మీకెందుకండీ?"

"నిద్ర పడ్తలేదా?"

ఆ ఒక్క మాటకి ఏడుపొచ్చినంత పనైంది. అంతలోనే కోపం ముంచుకొచ్చింది.

"నాకేటీ లేదు! మీ వైద్యమేదో మీరు చూసుకోండి!"

ఆమె తాగుతున్న టీ గ్లాసు కింద పెట్టింది. లేచి వెళ్ళిపోయింది.

లోపల పరీక్ష చేసే మేడమ్ మొదటి సిరా మరక కార్డు ముందు పెట్టింది.

నిజం చెప్పాలంటే కల్యాణ్‌కి కనిపించింది నోరు తెరుచుకున్న బావి. అందులోకి దిగిపోవాలనిపించింది కూడా.

"సీతాకోకచిలుక," అన్నాడు.

పది కార్డులూ పది నిమిషాల్లో అయిపోయాయి.

"బాగానే ఉందండీ. సోమవారం డాక్టర్‌గారు సంతకం పెడతారు."

గెలిచాడు. మరి ఆ సంతోషమేదీ? బావి కళ్ళముందు నుంచి కదిలితేనా! గబగబా బయటికొచ్చి ఆమె కోసం వెతికాడు. కుర్చీ ఖాళీగా ఉంది.

"ఇక్కడున్న పెద్దావిడ ఏరండీ? పేషెంటా?" అటెండరు బిక్షాన్ని అడిగాడు.

"రోసమ్మనా? పేషెంటేంది సార్! పతి శనివారం వచ్చి కూసుంటది. గిట్ల కాగితాలు పట్టుకొచ్చే పోరగాళ్ళకు వద్దని చెప్తది. ఎవ్వలు ఇనరు. మీరు సుత కసిరిన్రంట గద, ఇగ రానని ఏడ్చుకుంట పోయింది."

"ఆవిడకెందుకూ ఈ గొడవ?"

బిక్షం గొంతు తగ్గించాడు.

"ఈడ ఫిట్ అని రాసిచ్చిన నాలుగో దినమే ఆమె కొడుకు పాణం తీసుకున్నడు సార్... మీరు బట్టీ పట్టొచ్చిన జవాబులు నెట్ల పెట్టింది ఆ పిలగాడే."