ఇటుకల దిబ్బ కావలి

"బిడ్డా, ఆ ఇటుక కింద పెట్టు!"

కేక విని కమల ఉలిక్కిపడింది. వెంట ఉన్న ఎనిమిదో తరగతి ఆడపిల్లలంతా మాటలాపేశారు.

వాళ్లను హనుమకొండ నుంచి విహారయాత్రకు తీసుకొచ్చింది సుగుణ టీచర్. అది 1979, దీపావళి దాటిన వారం. పొద్దున ఖిలా వరంగల్ తోరణాలు చూశారు. తర్వాత బస్సెక్కి వచ్చి ధర్మసాగర్ చెరువు చూశారు. గుట్ట వెనక బౌద్ధుల కాలం నాటి దిబ్బ ఒకటుందని చాయ్ హోటలాయన చెబితే, సీతాఫలం పొదల మధ్య నుంచి ఇంత దూరం నడిచారు.

దిబ్బ నిండా గడ్డి. గడ్డిలో అక్కడక్కడా మూరెడు పొడుగు ఇటుకలు. కమల చేతిలో ఉన్న ముక్క మీద తామరపువ్వు ఉంది.

కర్ర పట్టుకుని, పరుగులాంటి నడకతో ఓ ముసలాయన వచ్చాడు.

"యాడ తీసినవో ఆడనే పెట్టు."

"మా అమ్మకు చూపిస్త తాతా."

"వద్దు బిడ్డా. జాగ తప్పితే దానికి మాట పోతది."

కమల చెయ్యి పట్టుకుని, ముక్కను తీసినచోటే పెట్టించాడు. పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి.

సుగుణకు కోపం వచ్చింది. "పిల్లను ఏడిపిస్తవా? ఎవరు నువ్వు? వాచ్‌మన్‌వా?"

"కావలి ఉంటనమ్మా."

"సర్కారు జీతం తింటవు. పిల్లలతోని మాట్లాడుడు రాదా? పేరేంది?"

ముసలాయన ఒకసారి దిబ్బ వైపు చూశాడు.

"గట్టయ్య," అన్నాడు.

పిల్లలు దిబ్బ మీద కూర్చుని సద్దులు విప్పబోతే అదీ వద్దన్నాడు. అవతల మోదుగుచెట్ల నీడ చూపించాడు. కాసేపటికి తనే కడవతో మంచినీళ్లు, గొంగడిలో మాగిన సీతాఫలాలు తెచ్చాడు.

"తినుండ్రి బిడ్డా. ఎండన పడి వచ్చిండ్లు."

"మాకేం అక్కర్లేదు," అంది సుగుణ.

పిల్లలు పళ్ల వైపు చూస్తూనే లేచి వెళ్లిపోయారు.

మర్నాడే ఆమె హైదరాబాదుకు, తవ్వకాలు చూసే ఆఫీసుకు ఉత్తరం రాసింది. దిబ్బ ఎక్కడుందో, ఇటుకలెంత పొడుగో, తామరపువ్వు ముక్క ఎలా ఉందో, గట్టయ్య ఎంత మొరటుగా మాట్లాడాడో అంతా రాసింది. ఆ కావలివాణ్ణి వెంటనే మార్చమంది.

నాలుగు నెలల తర్వాత బడి ముందు జీపు ఆగింది.

"నా పేరు సారంగపాణి, హైదరాబాదు ఆఫీసు నుంచి వచ్చాను. ఈ ఉత్తరం మీరు రాసిందేనా?"

"అవును. అతన్ని మార్చారా?"

"అక్కడ మాకు వాచ్‌మనే లేడు టీచరమ్మా. అలాంటి దిబ్బ ఒకటుందని మీ ఉత్తరం చూసేదాకా మాకు తెలియదు. జర దారి చూపిస్తారా?"

సుగుణ తరగతిని పక్క టీచరుకు అప్పగించింది. వెంటనే జీపెక్కింది.

దిబ్బ అలాగే ఉంది. సారంగపాణి చెప్పులు విడిచి పైకెక్కాడు. టేపుతో ఇటుకలు కొలిచాడు. గడ్డి తప్పించి చూసిన కొద్దీ అతని ముఖం వెలిగిపోయింది.

"స్తూపమే! రెండు వేల ఏళ్ల కిందటిదై ఉంటుంది. వేరే ఊళ్లల్లో ఇలాంటివి ఇళ్ల గోడలకు పోయాయి. ఇక్కడ ఒక్క వరుస కదల్లేదు."

అలికిడికి ఓ ముసలామె వచ్చింది. గట్టయ్య భార్యనంది. పేరు సోమక్క.

"ఆయనేడి?" అడిగింది సుగుణ.

"పోయిన నెల జరమొచ్చింది బిడ్డా. దవాఖానల మూడొద్దులున్నడు. పోయిండు."

సుగుణ ఆమె చెయ్యి పట్టుకుంది. "అమ్మా, నేను ఆయన మీద చెడ్డగ ఉత్తరం రాసిన."

సోమక్క ఆమె భుజం మీద చెయ్యేసింది.

"ఫికర్ చెయ్యకు. ఎంతమందికి చెప్పుకున్నడో! ఒక్కలు రాలే. నీ ఉత్తరానికే గదా సారొచ్చింది."

"వచ్చే వారమే పని మొదలుపెడతాం," అన్నాడు సారంగపాణి.

"మా పిల్లలను తీసుకొస్త. అంతా చూస్తరు," అంది సుగుణ కళ్లు తుడుచుకుని.

సారంగపాణి కాగితాలు బయటకు తీశాడు. "ఈ భూమి ఆసామితో మాట్లాడాలి. ఎవరమ్మా? ఊళ్లోనే ఉంటాడా?"

సోమక్క దిబ్బ వైపు చూసింది.

"మా ఆయనదే సారూ. మాకున్నది గీ ఎకరమొక్కటే. నాగలికి మొదటి ఇటుక తగిలిన్నాడే ఎడ్లను విప్పిండు, గప్పటిసంది ముప్పై ఏండ్లు పక్కోళ్ల పొలాలల్ల కూలికి పోయి మమ్ముల సాదిండు."